కారు వెండి పట్టీలకు నలుపు: ఇంట్లోనే, ఇబ్బంది లేకుండా!

కారు కొన్న రోజున ముందుభాగంలో తళతళలాడే ఆ వెండి మెరుపు చూసి ఇంటిల్లిపాదీ మురిసిపోతారు. కొబ్బరికాయ కొట్టి, నిమ్మకాయలు తొక్కించి, బొట్లు పెట్టి మరీ ఇంటికి తెచ్చుకుంటారు. రెండేళ్లు తిరిగేసరికి కాలేజీకెళ్లే అబ్బాయికి ఆ మెరుపే మొహం మొత్తుతుంది. "అమ్మా, గీ వెండి పట్టీలతోటి మన బండి ముసలోళ్ల బండి లెక్క కొడ్తున్నదే. అన్నీ నల్లగ చేపిద్దాం" అని మీ కొంగు పట్టుకుని తిరుగుతాడు. నాన్నను అడిగే ధైర్యం లేక మీ దగ్గరికే వచ్చాడన్నది వేరే సంగతి!

పిట్లంలో ఉన్నవారికి ఈ కోరిక పుట్టడం వింతేమీ కాదు. సంగారెడ్డి నుంచి నాందేడ్ మీదుగా అకోలా వెళ్లే 161వ నంబరు జాతీయ రహదారి మనకు దగ్గరే కదా! రకరకాల కొత్త బళ్లు కళ్లముందే పోతుంటాయి. 2019లో టాటా కంపెనీ తన హ్యారియర్ కారును ‘డార్క్ ఎడిషన్’ పేరుతో నలుపు ముస్తాబులో తెచ్చింది. ఆ తర్వాత వేరే కంపెనీలూ అదే బాట పట్టాయి. అందరిదీ నల్లగా ఉంటే మనది మాత్రం తెల్లగా మెరవడమేమిటని పిల్లలకు అనిపించడం సహజమే.

కాదనాల్సిన పనేం లేదు. కాకపోతే ఒక్క మాట. మధ్యతరగతి ఇంట్లో ఇల్లు, బంగారం తర్వాత పెద్ద ఖర్చు కారే. రేపు అమ్మాయి పెళ్లికో, ఆస్పత్రి బిల్లుకో దాన్ని అమ్మాల్సి వస్తే, కొనేవాడు ముందు చూసేది బండి మొహమే. అక్కడ పెచ్చులూడిన రంగు కనబడితే బేరం దిగిపోతుంది. కనుక మనం వేసే నలుపు, వద్దనుకున్న రోజున శుభ్రంగా ఊడి వచ్చేదై ఉండాలి. ఈ ఒక్కటీ గుర్తుంచుకుంటే మిగతాదంతా ఓపికతో అయ్యే పని.

అసలీ మెరుపు ఏమిటి?

మన పెద్దల కాలంలో అంబాసిడర్ కారు బంపరు అచ్చమైన ఇనుపది. దాని మీద క్రోమియం పూత వేసేవారు. ఇప్పటి కార్లలో గ్రిల్ చుట్టూ, డోర్ హ్యాండిల్ మీద కనిపించే మెరుపులో చాలామటుకు లోపల ఉండేది ప్లాస్టిక్కే. దాని మీద రాగి, ఆపైన నికెల్, అన్నిటికన్నా పైన క్రోమియం. అచ్చం జరీలాగే అనుకోండి! అసలు జరీలో పట్టుదారం మీద వెండి, దాని మీద బంగారు పూత ఉన్నట్టు. పైనున్న క్రోమియం మన తలవెంట్రుక మందంలో వందో వంతు కూడా ఉండదు. అంత పలుచనిదైనా గట్టిది, నున్ననిది. అందుకే మామూలు రంగు దాని మీద నిలవదు. ఉత్త చేతులతో రంగు కొట్టేస్తే నాలుగు వానలకే పొలుసుల్లా లేచిపోతుంది.

క్రోమియం అంటే విషమంటారే, ఇంట్లో పిల్లలు ముట్టుకోవచ్చా అని మీకు అనుమానం రావచ్చు. తయారై బండికి ఎక్కిన మెరుపుతో భయం లేదు. పూత వేసే ఫ్యాక్టరీలో తొట్టెల్లో వాడే క్రోమియం రూపం వేరు. దాని ఆవిరి పీల్చే పనివారికి ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు ఉంది. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం ఇలాంటి పూత పనులను దశలవారీగా ఆపించాలని 2023లో నిబంధన తెచ్చింది కూడా. కాబట్టి మీ బండి మీద ఉన్న మెరుపును కప్పండి గానీ, కరిగించే పని మాత్రం పెట్టుకోకండి.

మూడు దారులు

మొదటిది వినైల్ స్టిక్కర్. రేడియం షాపు వాళ్లు బళ్లకు అంటిస్తారే, ఆ జాతిదే. తీసేయాలనుకుంటే కాస్త వేడి చూపించి ఊడదీయవచ్చు. మొదటిసారి చేసేవారికి ఇదే మేలు.

రెండోది రబ్బరు స్ప్రే. ఆరాక పలుచని రబ్బరు తొడుగులా తయారవుతుంది. ఇష్టం లేకపోతే ఒలిచేయవచ్చు.

మూడోది అసలు రంగు. గరుకు కాగితంతో రుద్ది, ప్రైమర్ కొట్టి, రంగు వేసి, పైన క్లియర్ కోటు వేయాలి. ఎక్కువ కాలం నిలుస్తుంది నిజమే. కానీ ఒకసారి రుద్దాక పాత మెరుపు మళ్లీ రాదు. పట్టీ మొత్తం కొత్తది కొనాల్సిందే. ఈ పని చేయాలనుకుంటే బాగా చేయి తిరిగిన పెయింటరుకు అప్పగించండి.

స్టిక్కర్‌కు కావలసినవి

క్రోమ్ కప్పే నల్లని వినైల్ – పట్టీ కొలతకు నాలుగువైపులా అంగుళం ఎక్కువగా
కారు షాంపూ, బకెట్ నీళ్లు
పాత నూలు చీర ముక్కలు రెండు మూడు
మందుల షాపులో దొరికే స్పిరిట్
హెయిర్ డ్రైయర్
పదునైన చిన్న కత్తి, కొత్త బ్లేడుతో
అంచు నొక్కడానికి ప్లాస్టిక్ కార్డు, దానికి చుట్టడానికి మెత్తని గుడ్డ
మాస్కింగ్ టేపు

చేసే విధానం

ఎండాకాలం మన దగ్గర పగటి వేడి 43 డిగ్రీలు దాటుతుంది. ఎండలో నిలిపిన బండి మీద స్టిక్కర్ పడీపడగానే అతుక్కుపోయి, సరిచేసే వీలివ్వదు. అందుకని పొద్దున్నే, నీడలో, గాలిదుమ్ము లేని చోట మొదలుపెట్టండి.

ముందు షాంపూ నీళ్లతో పట్టీని, దాని చుట్టుపక్కల రేకును కడగండి. సందుల్లో చేరిన మట్టిని పాత టూత్ బ్రష్షుతో తీయండి. ఆరిన తర్వాత స్పిరిట్ తడిపిన గుడ్డతో పట్టీని మాత్రమే తుడవండి. ఈ పనిలో ముప్పాతిక వంతు శుభ్రమే! మొండి జిడ్డున్న పెనం మీద అట్టు ఎలా విరుగుతుందో, జిడ్డున్న పట్టీ మీద స్టిక్కర్ అలాగే లేస్తుంది. తుడిచాక వేళ్లతో మళ్లీ ముట్టుకోకండి. చేతికి రాసుకున్న కొబ్బరినూనె చాలు, అంటు చెడగొట్టడానికి.

గిన్నెలు తోమే స్టీలు పీచు, ఇత్తడి తోమే పొడి, చింతపండు, గోళ్లరంగు తుడిచే మందు, ఇవేవీ ఇక్కడ పనికిరావు. పీచూ పొడీ గీతలు పెడతాయి. గోళ్లరంగు మందు పక్కనున్న ప్లాస్టిక్‌నూ బండి రంగునూ కరిగిస్తుంది.

ఇక అంటించడం. చీరకు ఫాల్ వేసిన చెయ్యికి ఇది కొత్త విద్యేం కాదు. వెనక కాగితం అంతా ఒక్కసారే ఊడదీయకండి. నాలుగంగుళాలు తీసి, పట్టీ మధ్యలో ఆనించి, అక్కణ్నుంచి రెండు పక్కలకూ నొక్కుకుంటూ పోండి. గాలి బుడగలు గుడ్డ చుట్టిన కార్డుతో అంచుకు తోసేయండి. ముడత పడితే కంగారుపడి లాగకండి. ఆ మేరకు పైకి లేపి, డ్రైయర్‌తో కాస్త వేడి చేసి, మళ్లీ పరవండి.

మలుపుల దగ్గర కావలసింది వేడీ నిదానమూ. బాగా సాగదీసి అంటించిన స్టిక్కర్ నాలుగు రోజుల్లో వెనక్కి ముడుచుకుంటుంది. లోతైన మలుపు ఉంటే రెండు ముక్కలుగా వేసి, ఒకదానిపై ఒకటి కొద్దిగా ఎక్కించండి. అతుకు కిందివైపు వస్తే కంటికి ఆనదు. పని అయ్యాక మలుపులకూ అంచులకూ ఇంకోసారి వేడి తగిలించి, గట్టిగా నొక్కండి.

అన్నిటికన్నా జాగ్రత్త కత్తి దగ్గర! ఎక్కువైన ముక్కను కోసేటప్పుడు బ్లేడు బండి రేకు వైపు జారితే ఆ గీత తుప్పుకు దారి. అందుకే పట్టీ పక్కన రేకు మీద మాస్కింగ్ టేపు రెండు వరసలు ముందే అంటించి, బ్లేడును తేలిగ్గా నడపండి. అంచును పట్టీ వెనక సందులోకి మడిచి దోపగలిగితే ఇంకా మంచిది. రెండు రోజులు నీళ్లు తగలనీయకండి.

రబ్బరు స్ప్రే అయితే

శుభ్రం చేయడం ఇదే పద్ధతి. కాకపోతే పట్టీ చుట్టూ టేపు, బండి ముందుభాగమంతా పాత పేపర్లు, దుప్పటి కప్పాలి. స్ప్రే తుంపర గాలికి అద్దం దాకా పోతుంది. ఒకేసారి దట్టంగా కొడితే కారుతుంది. పలుచగా ఒక పొర, అది ఆరాక ఇంకొకటి, అలా ఐదారు పొరలు వేయాలి. రెండు పొరలతో ఆపేస్తే తర్వాత ఒలిచేటప్పుడు పొరగా రాదు, ముక్కలు ముక్కలై విసిగిస్తుంది. చివరి పొర ఇంకా తడిగా ఉండగానే టేపు లాగేయండి. పూర్తిగా ఆరాక లాగితే అంచు చినిగి టేపుతో పాటు వచ్చేస్తుంది. పెట్రోలు పడితే ఈ రబ్బరు కరిగిపోతుంది కాబట్టి ట్యాంకు మూత దగ్గర వాడకండి.

స్ప్రే డబ్బాలో ఉండే గ్యాసు మంట అంటుకునే రకం. వంటింటి పక్క వరండాలో, పొయ్యి వెలుగుతుండగా, తులసికోట దగ్గర దీపం ఉండగా, ఎవరైనా బీడీ కాలుస్తుండగా కొట్టనే కొట్టవద్దు. ఆరుబయటే చేయాలి. ముక్కుకు కట్టుకునే మామూలు మాస్కు తుంపరను కొంత ఆపుతుందే తప్ప, రంగు వాసనను ఆపదు. గర్భిణులు, ఉబ్బసం ఉన్నవారు, పసిపిల్లలు ఆ దరిదాపుల్లో ఉండకూడదు. మిగిలిన డబ్బాను ఎండలో నిలిపిన కారులో వదిలేయకండి, వేడికి పేలిపోతుంది.

బాత్రూం యాసిడ్‌తో మెరుపు తీసేయవచ్చని ఎవరైనా సలహా చెబితే వినకండి. యాసిడ్ క్రోమియాన్ని కరిగించే మాట నిజమే. ఆ పొగ మీ గొంతును, ఆ చుక్క మీ చర్మాన్ని, ఆ నీరు మీ పెరటి మట్టిని పాడుచేస్తాయి. దాంట్లో బ్లీచింగ్ కలిసిందంటే ప్రాణాంతకమైన క్లోరిన్ గ్యాసు పుడుతుంది.

వీటి జోలికి పోవద్దు

నంబరు ప్లేటు: 2019 ఏప్రిల్ 1 నుంచి తయారైన బళ్లకు హై సెక్యూరిటీ ప్లేటు తప్పనిసరి. దాని మీద నలుపు, స్టిక్కరు ఏదీ పడకూడదు.

లైట్లు, వెనకాల ఎర్రని రిఫ్లెక్టర్లు: పొగరంగు ఫిల్ము వేస్తే రాత్రి హైవే మీద ట్రాక్టరు వెనక వచ్చేవాడికి మీ బండి కనబడదు. అందం కోసం ప్రాణాలు పణం పెట్టే పని ఇది.

కిటికీ అద్దాలు: పట్టీలతో పాటు అద్దాలూ నల్లగా అంటాడు అబ్బాయి. అద్దాలకు నల్ల ఫిల్ములు అంటించడంపై సుప్రీంకోర్టు 2012 ఏప్రిల్‌లోనే నిషేధం విధించిందని చెప్పండి.

సెన్సర్లు, కెమెరా: బంపరులో రూపాయి బిళ్లంత గుండ్రంగా కనబడేవి పార్కింగ్ సెన్సర్లు. కొన్ని కొత్త కార్లలో ముందున్న కంపెనీ గుర్తు వెనకాలే రాడారు ఉంటుంది. వాటిని కప్పితే బండికి కళ్లకు గంతలు కట్టినట్టే. మీ కారు పుస్తకంలో ఒకసారి చూసుకోండి.

బండి మొత్తం రంగు మార్చాలంటే మాత్రం ఆర్.టి.ఓ. ఆఫీసుకు తెలిపి ఆర్.సి.లో రాయించాలి.

ఆ తర్వాత?

నలుపు మెరుపు కన్నా సుకుమారం. దుమ్ము మీదనే పొడిగుడ్డతో రుద్దితే సన్నగీతలు పడతాయి. ముందు నీళ్లు పోసి, ఆ తర్వాతే తుడవండి. నీళ్ల పైపు ధారను అంచుకు దగ్గరగా పెట్టకండి. నలుపు ఎండను ఎక్కువ పీల్చుకుంటుంది గనుక చెట్టునీడో, షెడ్డో చూసి నిలిపితే స్టిక్కర్ ఎక్కువ కాలం ఆగుతుంది. రంగు వెలిసి, అంచులు లేస్తున్నప్పుడు ఎండకు పెళుసెక్కే దాకా ఉంచకుండా తీసేయండి. ఆలస్యమైతే జిగురు పట్టీకే పట్టి పీడిస్తుంది.

ఒకేసారి బండి మొహమంతా మార్చేయాలనే తొందర వద్దు. ముందు వెనక డిక్కీ మీదున్న చిన్న పట్టీతో మొదలుపెట్టండి. ఒక నెల ఎండా, దుమ్మూ తిననివ్వండి. అంచు లేవకుండా నిలిచి, ఇంట్లో అందరికీ నచ్చితే అప్పుడు ముందు గ్రిల్ సంగతి చూడవచ్చు. నచ్చలేదా? డ్రైయర్ పట్టుకుని పది నిమిషాలు కూర్చుంటే సరి, కింద పాత మెరుపు చెక్కుచెదరకుండా మీ కోసం అలాగే ఉంటుంది!