సెలవు చీటీ లేని నగరం
ఆల్ప్స్ పల్లెలో వారం రోజుల అద్దె ఇల్లు కొందరికి, నవజీవన్ ఎక్స్‌ప్రెస్‌లో నిలబడే చోటు మరికొందరికి. సూరత్ దీపావళి ముఖాలు రెండు.

ఏడాది పొడవునా మోగే నగరంలో ఉన్నట్టుండి చప్పుడు ఆగిపోతుంది. దీపావళి వచ్చిందంటే సూరత్‌లో అంతే. వజ్రాల యూనిట్లు దాదాపు మూడు వారాలు మూతపడతాయి. రింగ్ రోడ్డు బట్టల మార్కెట్లు లాభ్ పాంచం నాడు ముహూర్తం చూసుకుని గానీ మళ్లీ తలుపులు తెరవవు. ఈలోగా నగరం ప్రయాణం కడుతుంది. ఎవరి దారి వారిదే.

ఒకప్పుడు ఇక్కడి వ్యాపార కుటుంబాలకు విహారమంటే మౌంట్ ఆబూ, లేదంటే నాలుగు గంటల్లో చేరుకునే డాంగ్ జిల్లాలోని సాపుతారా. చేతిలో డబ్బు ఆడాక చూపు ఐరోపా మీద పడింది. స్విట్జర్లాండ్ పాతబడిన వారికి ఇటలీ ఉంది. డోలమైట్స్ పర్వతాల నీడలో ఓర్తిసేయ్ లాంటి పల్లెలు, చెక్క పలకలు తాపడం చేసిన గోడలు, కిటికీ తెరిస్తే మంచుకొండ. ఆ పర్వతాలకు 2009లో యునెస్కో వారసత్వ హోదా దక్కింది. గుజరాతీ కుటుంబానికి హోటల్ గది కన్నా అక్కడి అద్దె అపార్ట్‌మెంటే నచ్చడానికి కారణం వేరే చెప్పాలా? అందులో వంటగది ఉంటుంది. ఉల్లి, వెల్లుల్లి కూడా ముట్టని జైన కుటుంబానికి అదే పెద్ద భరోసా. థేప్లాలు, ఖాఖ్రాలు పెట్టెలో ఎలాగూ ఉంటాయి.

అయితే ఆ ఇంటి తాళం చేతికి రావాలంటే ముందు షెంజెన్ వీసా కావాలి. 2024 జూన్ నుంచి పెద్దలకు దాని రుసుము 90 యూరోలు. బస ఎక్కడో చూపాలి, బ్యాంకు ఖాతా చూపాలి. ఉద్యోగి అయితే మరో కాగితం కూడా: యజమాని ఇచ్చిన సెలవు పత్రం.

సూరత్‌లో వేల మంది ఎన్నడూ చూడని కాగితం అదే.

లింబాయత్ ప్రాంతంలోకి అడుగుపెడితే తెలుగు వినిపిస్తుంది. కరీంనగర్, వరంగల్, నల్గొండ వైపు నుంచి మగ్గాన్ని నమ్ముకుని వచ్చిన పద్మశాలీలు ఇక్కడ దశాబ్దాలుగా స్థిరపడ్డారు. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలోనూ పాఠశాలలు నడిపిందంటే వారి ఉనికి ఎంతటిదో అర్థమవుతుంది. కొందరు నాలుగు మగ్గాలకు యజమానులయ్యారు. మిగిలినవారు పక్కనున్న ఒడియా కార్మికుల్లాగే పన్నెండు గంటల షిఫ్టుల్లో మరమగ్గాల మధ్య నిలబడతారు. కూలీ మీటరు లెక్కన. నేసిన గుడ్డకే డబ్బు. నేయని రోజుకు లేదు.

అందుకే దసరాకు బతుకమ్మ చూడాలన్నా, ఊళ్లో పెళ్లికి వెళ్లాలన్నా ముందు వేసుకునే లెక్క టికెట్టు ధర కాదు, పోయే కూలీ. అహ్మదాబాద్ నుంచి చెన్నై వెళ్లే నవజీవన్ ఎక్స్‌ప్రెస్ సూరత్ మీదుగా వరంగల్ చేరుస్తుంది. పండగ రద్దీలో అందులో కాలు పెట్టడమే గగనం. పది రోజులు ఊళ్లో ఉంటే పది రోజుల ఆదాయం గల్లంతు. తిరిగొచ్చేసరికి తన మగ్గం మరొకరి చేతిలో ఉండదన్న హామీ కూడా లేదు.

ఆశ్చర్యమేమిటంటే, చట్టం దృష్టిలో ఇటలీ కార్మికుడూ మనవాడూ దాదాపు ఒకేసారి బయల్దేరారు. 1948 జనవరి 1న అమల్లోకి వచ్చిన ఇటలీ రాజ్యాంగం 36వ అధికరణం ప్రతి కార్మికుడికీ వారపు విశ్రాంతి, జీతంతో కూడిన వార్షిక సెలవు హక్కని చెప్పింది. అంతేకాదు, కార్మికుడు తానుగా ఆ హక్కును వదులుకోవడానికీ వీల్లేదంది. నేడు అక్కడ ఏడాదికి కనీసం నాలుగు వారాల సెలవు. అదే 1948లో వచ్చిన మన ఫ్యాక్టరీల చట్టం, ఏడాదిలో 240 రోజులు పనిచేసిన వారికి ప్రతి 20 రోజులకు ఒక రోజు చొప్పున వేతన సెలవు ఇమ్మంది. మన రాజ్యాంగం 43వ అధికరణం మరో అడుగు ముందుకేసి కార్మికుడి తీరిక గురించి కూడా మాట్లాడింది. కానీ అది ఆదేశిక సూత్రం. కోర్టుకెళ్లి అమలు చేయించుకునేది కాదు.

తేడా వచ్చిందల్లా హాజరు పుస్తకం దగ్గరే. పేరు రిజిస్టరులో ఉంటేనే రోజుల లెక్క. రోజుల లెక్క ఉంటేనే సెలవు. చిన్న యూనిట్లలో, కాంట్రాక్టరు తెచ్చిన మనుషులకు ఆ పేరే ఉండదు. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కొత్త కార్మిక స్మృతి 240 రోజుల అర్హతను 180కి తగ్గించింది. మంచిదే. పుస్తకంలో లేని మనిషికి మాత్రం 240 అయినా 180 అయినా ఒకటే.

ఆ పేరు లేకపోవడం ఎంత ఖరీదైనదో 2020 చెప్పింది. లాక్‌డౌన్‌తో మగ్గాలు ఆగాయి, కూలీ ఆగింది. బకాయిలు ఇవ్వండి, ఊరికి పంపండి అంటూ ఏప్రిల్‌లో సూరత్ వలస కార్మికులు రోడ్డెక్కారు. అడగని సెలవు అది. దానికీ జీతం లేదు.

ఆల్ప్స్ పల్లెలో అద్దె ఇల్లు విలాసమే కావచ్చు. పని ఆపిన రోజు కూడా పొయ్యి వెలగడం విలాసం కాదు. ఇటలీ ఆ ముక్కను రాజ్యాంగంలో రాసుకుని ఏడు దశాబ్దాలు దాటింది. లింబాయత్‌లో అది ఇంకా రిజిస్టరులోకే ఎక్కలేదు.