చేపకు వచ్చింది కొత్త జబ్బని ఎలా తెలుస్తుంది?

కలకత్తా గాలిఫ్ స్ట్రీట్ ఆదివారపు సంతలో కొన్న గోల్డ్‌ఫిష్, రైలెక్కితే రెండు మూడు గంటల్లో ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్లలోని తెలుగువాళ్ల ఇంటికి చేరిపోతుంది. ప్లాస్టిక్ సంచిలోని నీళ్లతోపాటు బాక్టీరియా కూడా రావచ్చు.

నాలుగు రోజులకు చేప మూతి చుట్టూ తెల్లటి దూదిలాంటి పొర కనిపిస్తే చాలామంది బూజనుకుంటారు. అది కాలమ్నారిస్ అనే బాక్టీరియా జబ్బు కావచ్చు. కంటితో చూసి చెప్పడం కష్టం.

అందుకే ల్యాబ్‌లో పరీక్షించాలి. దానికి బతికున్న జబ్బు చేపే కావాలి. చచ్చి చాలాసేపైతే నీళ్లలోని మామూలు బాక్టీరియా ఒంటినిండా పాకి, అసలు దోషిని కప్పేస్తుంది. చేప మూత్రపిండం నుంచి సన్నని తీగతో నమూనా తీసి బాక్టీరియాను పెంచే అగర్ పళ్లెం మీద గీతలు గీస్తారు. ఒకటి రెండు రోజుల్లో చిన్న చుక్కలు లేస్తాయి. ఒక్క చుక్కను వేరుగా పెంచి, రంగు వేసి మైక్రోస్కోపులో చూస్తారు. తర్వాత దాని జన్యువులను చదివి, తెలిసిన బాక్టీరియాతో పోలుస్తారు. కాలమ్నారిస్ తెచ్చేది ఒక జాతి కాదు, నాలుగని 2022లో తేల్చింది ఈ పోలికే!

ఒక బాక్టీరియా దొరికినంత మాత్రాన దోషి అయిపోదు. ఆరోగ్యంగా ఉన్న చేపకు ఎక్కిస్తే అదే జబ్బు రావాలి, మళ్లీ అదే బాక్టీరియా దొరకాలి. ఈ నియమంతో పేరుపొందిన రాబర్ట్ కోచ్ 1884లో కలకత్తాలోనే కలరా బాక్టీరియాను వేరుచేశాడు. జంతువులకు మాత్రం కలరా తెప్పించలేకపోయాడు. రుజువు అంత కష్టం.

కొత్త చేపను రెండు మూడు వారాలు వేరే తొట్టెలో ఉంచండి. జబ్బేదో తేలకుండా యాంటీబయాటిక్ వేయకండి.