పైరుకు మందు - మనిషికి ముప్పు

చిత్తూరు, తిరుపతి ప్రాంతాలలో టమోటా, మామిడి, వేరుశనగ, చెరకు ప్రధానమైన పంటలు. పైరుకు పురుగు సోకగానే రైతు మందు కొట్టిస్తాడు. నిజానికి అది విషం. రోగాన్ని మాన్పే పదార్థానికీ, ప్రాణిని చంపే పదార్థానికీ మన వాడుకలో ఒకే పేరు స్థిరపడింది. అందువల్ల దానిపట్ల ఉండవలసిన జాగ్రత్త సడలే ప్రమాదం ఉంది.

పురుగుమందు చేసే కీడు రెండు విధాలు. తలతిరగడం, వాంతులు, చూపు మసకబారడం వెంటనే కనిపించేవి. రెండవది ఏళ్ల తరబడి గుట్టుగా సాగేది. కొన్ని రసాయనాలు కణాలలోని జన్యుపదార్థాన్ని దెబ్బతీస్తాయి. అలా దెబ్బతిన్న కణాలు అదుపు తప్పి పెరిగితే అదే క్యాన్సర్.

ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2015లో లిండేన్‌ను క్యాన్సర్ కారకంగా నిర్ధారించింది. మలాథియాన్, గ్లైఫోసేట్‌లను క్యాన్సర్ కలిగించే అవకాశం ఎక్కువగా ఉన్న పదార్థాలుగా పేర్కొంది. వాడిన వారందరికీ వ్యాధి వస్తుందని దీని అర్థం కాదు. అమెరికాలో 1993లో మొదలై సుమారు 89 వేల మందిని పరిశీలించిన అధ్యయనంలో, సేద్యగాండ్రకు మొత్తం మీద క్యాన్సర్లు ఇతరులకంటే తక్కువగానే కనిపించాయి. వారిలో పొగతాగేవారు తక్కువగా ఉండటం దీనికొక కారణం. అయితే ప్రోస్టేటు గ్రంథి క్యాన్సర్, కొన్ని రక్తసంబంధ క్యాన్సర్లు మాత్రం ఎక్కువగా కనిపించాయి.

మందు డబ్బాపై ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ రంగులలో ఏదో ఒక త్రిభుజం ఉంటుంది. అది వెంటనే కలిగే విషప్రభావ తీవ్రతను మాత్రమే సూచిస్తుంది. ఎరుపు కాదు గనుక క్యాన్సర్ భయం లేదనుకోవడం పొరపాటు. పైగా కూలీకి ఆ త్రిభుజమైనా కంటబడదు. అతని వీపున చేరేది కలిపి ఉంచిన ద్రావణమే. కారే డబ్బా వీపును తడుపుతుంది. చర్మం ఆ విషాన్ని పీల్చుకుంటుంది. ఆకుల తడి ఆరకముందే కాయలు కోసే స్త్రీకీ, ఆ బట్టలు ఉతికే ఇల్లాలికీ అది అంటుతుంది.

నివారణ కష్టసాధ్యం కాదు. చేతితొడుగులు ధరించి, కర్రతో మందు కలపాలి. గాలికి ఎదురుగా పిచికారీ చేయరాదు. మధ్యలో బీడీ తాగరాదు, అన్నం తినరాదు. పని ముగియగానే సబ్బుతో స్నానం చేయాలి. బట్టలు వేరుగా ఉతకాలి. ఖాళీ డబ్బాలను నీళ్లకు వాడరాదు. వేప కషాయం, లింగాకర్షక బుట్టల వంటి పద్ధతులతో మందు వాడకాన్నే తగ్గించవచ్చు.

తిరుపతిలో 2022లో టాటా ట్రస్టుల సహకారంతో క్యాన్సర్ ఆసుపత్రి ప్రారంభమైంది. చికిత్స చేరువైనందుకు సంతోషించవలసిందే. అయితే రక్షణ మొదలు కావలసినది ఆసుపత్రిలో కాదు, పొలం గట్టుమీద. కూలి ఇచ్చే చేయి చేతితొడుగు కూడా ఇవ్వడం దయ కాదు, ధర్మం.