చేతి గడియారం చెప్పే కేలరీల లెక్క నమ్మవచ్చా?



ఖమ్మం, భద్రాచలం వైపుల నుండి వచ్చే షుగర్ రోగులు కొందరు చేతి గడియారం చూపించి, "సిస్టరమ్మా, నడకలో 300 కేలరీలు ఖర్చయ్యాయట, ఇంకాస్త అన్నం తినవచ్చా?" అని మమ్మల్ని అడుగుతున్నారు.

గడియారం కేలరీలను కొలవదు. మన బరువు, వయసు, గుండె వేగం, చేతి కదలికలను బట్టి అంచనా వేస్తుంది. 2017లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వారు 7 రకాల గడియారాలను పరీక్షించారు. గుండె వేగాన్ని వాటిలో 6 దాదాపు సరిగానే చెప్పాయి. కేలరీల విషయంలో మాత్రం అన్నిటికన్నా మంచిదే సగటున 27 శాతం తప్పింది.

మీరే లెక్క వేసి చూడండి. 60 కిలోల మనిషి చదును దారిలో గంటసేపు 5 కిలోమీటర్లు నడిస్తే సుమారు 200 కేలరీలు ఖర్చవుతాయి. అందులో 60 ఊరికే కూర్చున్నా ఖర్చయ్యేవే. నడక వల్ల అదనంగా పోయేవి 140. అదే 150 గ్రాముల అన్నం తింటే సుమారు 200 తిరిగి వస్తాయి! తునికాకు మూట నెత్తిన పెట్టుకుని గుట్ట ఎక్కేవారికి ఖర్చు ఎక్కువే. కానీ ఆ మూట బరువు గడియారానికి తెలియదు.

కాబట్టి ఆ అంకె చూసి అన్నం పెంచవద్దు. ఇన్సులిన్ మోతాదు సొంతంగా మార్చవద్దు. కేలరీలకు బదులు నిమిషాలు లెక్కపెట్టండి. వారానికి 150 నిమిషాలు, మాట్లాడగలిగినా పాట పాడలేనంత వేగంతో నడవండి. వణుకు, చల్లని చెమటలు, కళ్లు తిరగడం ఉంటే వెంటనే ఆగి చక్కెర తినండి. బరువు, నడుము కొలత, రక్తంలో షుగర్ క్రమంగా చూపించుకోండి. నిజమైన లెక్క అక్కడే తెలుస్తుంది.

దేవుడు మీ కుటుంబాలను ఆరోగ్యంతో దీవించును గాక!