గాల్‌బ్లాడర్ తీసేశారు... ఇక ఏం తినాలి?

"ఆపరేషన్ అయి మూడు నెలలైందండీ. ఇప్పటికీ మజ్జిగన్నం, చారన్నమే పెడుతున్నాం. మా అమ్మ సగమైపోయింది." తల్లిని వెంటబెట్టుకొని ఓపీకి వచ్చిన కూతురు చెప్పే మాట ఇది. పక్క బెంచీ మీద కూర్చున్నాయన బాధ వేరు. "రాళ్లు పోయాయి కదా, ఇంకేం భయమని అన్నీ తింటున్నానండీ. నాలుగు నెలల్లో ఐదు కిలోలు పెరిగాను. బిర్యానీ తిన్న రోజు మాత్రం బాత్‌రూముకి పరుగే."

ఈ రెండు రకాల వారినీ మేము తరచుగా చూస్తుంటాం. ఒకరు పథ్యాన్ని వదలలేకపోతున్నారు, ఇంకొకరు అసలు పాటించడం లేదు. ఆపరేషన్ తరువాత శరీరంలో ఏం మారిందో, ఏం మారలేదో తెలియకపోవడమే ఇద్దరి ఇబ్బందికీ కారణం. అది తెలిస్తే ఏం తినాలో, ఎంత తినాలో మీకే అర్థమవుతుంది.

గాల్‌బ్లాడర్ చేసే పని ఏమిటి?

గాల్‌బ్లాడర్‌ను పిత్తాశయం అంటారు. కుడివైపు పక్కటెముకల కింద, కాలేయానికి అంటుకొని ఉండే చిన్న తిత్తి ఇది. పైత్యరసం, అంటే మనం మామూలుగా పసరు అనేది, ఈ తిత్తిలోనే తయారవుతుందని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. పైత్యరసాన్ని తయారుచేసేది కాలేయం. రోజుకు సుమారు అర లీటరు నుండి లీటరు వరకు తయారుచేస్తుంది. గాల్‌బ్లాడర్‌లో పట్టేది 30 నుండి 50 మిల్లీలీటర్లు మాత్రమే. ఆ రసాన్ని నిల్వ ఉంచి, చిక్కబరిచి, మనం నూనె, నెయ్యి, మాంసం వంటివి తిన్నప్పుడు ముడుచుకొని ఒక్కసారిగా చిన్నపేగులోకి వదలడం దాని పని. కొవ్వు అరగడానికి ఆ రసం అవసరం.

విజయవాడ వారికి ఇది సులభంగా అర్థమవుతుంది. ప్రకాశం బ్యారేజీ లేకపోతే కృష్ణానది ఆగిపోదు. నీళ్లు నిలవ ఉండవు, అంతే. కావలసినప్పుడు గేట్లెత్తి ఒక్కసారిగా నీళ్లు వదలడం కుదరదు. అలాగే గాల్‌బ్లాడర్ తీసేశాక పైత్యరసం ఆగిపోదు. రోజంతా కొంచెం కొంచెంగా పేగులోకి జారుతూ ఉంటుంది. కొద్దిపాటి కొవ్వును అరిగించడానికి అది చాలు. ఒకే పూట విందు భోజనం చేస్తే మాత్రం సరిపోకపోవచ్చు. అందుకే నూనె, నెయ్యి పూర్తిగా మానెయ్యనక్కరలేదు గాని ఒక పూటకే అంతా తినకూడదు. ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుంటే చాలు.

గుర్రానికి, పావురానికి పుట్టుకతోనే గాల్‌బ్లాడర్ ఉండదు. మనుషుల్లో దీన్ని మొదటిసారిగా 1882లో బెర్లిన్‌లో కార్ల్ లాంగెన్‌బుఖ్ అనే సర్జన్ తొలగించారు. చిన్న రంధ్రాల ద్వారా చేసే లాపరోస్కోపీ పద్ధతి 1985లో జర్మనీలో మొదలై, 1990లో ముంబయికి వచ్చింది. ఈ అవయవం లేకుండా మనిషి మామూలుగా బ్రతకగలడని వైద్యలోకం 140 ఏళ్లకు పైగా చూస్తూనే ఉంది.

మొదటి నెలలో ఆహారం

ఆపరేషన్ చేసిన డాక్టరుగారు ప్రత్యేకంగా ఏవైనా నియమాలు చెప్పి ఉంటే అవే పాటించండి. మిగిలిన వారికి మేము సాధారణంగా చెప్పేవి ఇవి:

- మూడు పూటలా పెద్ద భోజనాలు చేయడానికి బదులు, అదే ఆహారాన్ని ఐదారు సార్లుగా కొద్దికొద్దిగా తినండి.
- మొదటి వారం ఇడ్లీ, జావ, మెత్తని అన్నం, పెసరకట్టు, చారు, వెన్న తీసిన మజ్జిగ, బీరకాయ, సొరకాయ, పొట్లకాయ కూరలు బాగా సరిపోతాయి.
- రెండవ వారం నుండి మామూలు పప్పు, ఉడికించిన గుడ్డు, తక్కువ నూనెతో వండిన చేపల పులుసు, తోలు తీసిన కోడిమాంసం ఒక్కొక్కటిగా మొదలుపెట్టండి.
- పునుగులు, బజ్జీలు, పూరీలు, వేపుళ్లు, మటన్, మీగడ పెరుగు, నెయ్యి ఓడే మిఠాయిలు మొదటి నెల పక్కన పెట్టండి.
- కొత్తగా కలిపే పదార్థం రోజుకొకటే ఉండాలి. అప్పుడు ఏది పడిందో, ఏది పడలేదో తెలుస్తుంది.

"పప్పు తింటే చీము పడుతుంది, గుడ్డు తింటే పుండు మానదు" అని ఇంట్లో పెద్దవాళ్లు అంటుంటారు. వారి ప్రేమను మేము కాదనం. కాని గాయం మానడానికి కావలసిన మాంసకృత్తులు ఉండేది పప్పులోను, గుడ్డులోను, చేపలోనే. అవి ఆపేసి ఉత్త జావతో నెలలు గడిపితే మానవలసిన గాయం ఆలస్యమవుతుంది, కండ తరిగిపోతుంది, నీరసం వస్తుంది.

షుగర్ వ్యాధి ఉన్నవారు మరింత జాగ్రత్తగా ఉండాలి. తిండి సగానికి తగ్గించి, మాత్రలు గాని, ఇన్సులిన్ గాని పాత మోతాదులోనే వాడితే రక్తంలో షుగర్ ప్రమాదకరంగా పడిపోవచ్చు. చెమటలు, వణుకు, కళ్లు తిరగడం కనిపిస్తే వెంటనే చక్కెర కలిపిన నీళ్లు తాగి, డాక్టరుకు చెప్పి మోతాదు మార్పించుకోండి.

విరేచనాలు, ఉబ్బరం

మొదటి వారంలో కొందరికి మలబద్ధకం ఉంటుంది. నొప్పి మాత్రలు, కదలకుండా పడుకోవడం ఇందుకు కారణాలు. నీళ్లు తాగుతూ, ఇంట్లోనే అటూ ఇటూ నడుస్తుంటే సర్దుకుంటుంది.

ఆ తరువాత కొందరికి పలుచని విరేచనాలు మొదలవుతాయి. ముఖ్యంగా పొద్దున్నే, లేదా భోజనం చేసిన వెంటనే. మామూలుగా పైత్యరసంలోని ఆమ్లాలు దాదాపు 95 శాతం చిన్నపేగు చివరి భాగంలో తిరిగి ఇంకిపోయి కాలేయానికి చేరుతాయి. నిల్వ ఉంచే తిత్తి లేకపోవడంతో వాటిలో కొంత భాగం పెద్దపేగులోకి జారుతుంది. అక్కడ అవి నీటిని లాగి విరేచనం చేయిస్తాయి. చాలామందికి కొన్ని వారాల నుండి కొన్ని నెలల్లో ఇది తగ్గిపోతుంది. ఈలోగా ఇలా చేయండి:

- పరగడుపున కాఫీ, టీ మానండి. ఏదైనా తిన్న తరువాతే తాగండి.
- పాలు తాగితే ఉబ్బరం వస్తుంటే కొన్నాళ్లు ఆపి, మజ్జిగ వాడండి.
- కారం, మసాలా, వేపుళ్లు తగ్గించండి.
- అరటిపండు, జామపండు, ఓట్స్, బెండకాయ, చిక్కుడు వంటి పీచు పదార్థాలను కొద్దికొద్దిగా పెంచండి. ఒక్కసారిగా ఎక్కువ తింటే ఉబ్బరం పెరుగుతుంది.
- మన ప్రాంతపు ఎండాకాలంలో నీరసం త్వరగా వస్తుంది. ఒక పెద్ద ఓ.ఆర్.ఎస్. ప్యాకెట్టు మొత్తాన్ని లీటరు నీటిలో కలిపి, కొద్దికొద్దిగా తాగండి.

నెలలు గడిచినా తగ్గకపోతే "ఇక నా ఖర్మ ఇంతే" అని ఊరుకోవద్దు. పైత్య ఆమ్లాలను పట్టి ఉంచే కొలెస్టైరమిన్ వంటి మందులున్నాయి. అయితే అవి ఇతర మాత్రలను కూడా ఒంటికి పట్టనివ్వవు. కాబట్టి ఎప్పుడు వేసుకోవాలో డాక్టరు దగ్గర తెలుసుకొనే వాడాలి.

బరువు ఎందుకు పెరుగుతుంది?

ఆపరేషన్ వల్లనే లావయ్యామని చాలామంది అంటారు. తిత్తి తీసేసినంత మాత్రాన ఒంట్లో కొవ్వు పుట్టదు. జరిగేది వేరు. రాళ్లున్నన్నాళ్లూ నొప్పి వస్తుందని భయపడి తక్కువ తిన్నారు. ఇప్పుడు నొప్పి లేదు, ఆకలి తిరిగి వచ్చింది. పైగా "నీరసంగా ఉన్నావు, లేవొద్దు" అని ఇంట్లో వారు మంచం దిగనివ్వరు. చూడవచ్చిన బంధువులు బందరు లడ్డూ, హల్వా తెస్తారు. తినేది పెరిగి, తిరగడం తగ్గితే ఎవరి బరువైనా పెరుగుతుంది.

ఒక చిన్న లెక్క చూడండి. ఒక టీస్పూను నూనెలో దాదాపు 45 క్యాలరీలుంటాయి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన మార్గదర్శకాల ప్రకారం, రోజుకు 2000 క్యాలరీల ఆహారం తీసుకునే వ్యక్తికి నూనె, నెయ్యి అన్నీ కలిపి సుమారు 27 గ్రాములు చాలు. అంటే ఆరు టీస్పూన్లు. నలుగురు పెద్దవాళ్లున్న ఇంటికి నెలకు మూడున్నర లీటర్లు. మీ ఇంట్లో నెలకు ఎన్ని ప్యాకెట్లు అయిపోతున్నాయో ఒకసారి లెక్కపెట్టండి. తగ్గించవలసింది ఎంతో అక్కడే తెలిసిపోతుంది.

అన్నం ఒక గరిటె తగ్గించి, కూర ఒక గరిటె పెంచండి. గాయం నొప్పి తగ్గినకొద్దీ నడక పెంచుతూ, రోజుకు అరగంటకు తీసుకురండి. ఎండ ఎక్కకముందే కాలువ గట్టు మీదో, నది ఒడ్డునో నడవవచ్చు. బరువులు ఎత్తడం ఎప్పుడు మొదలుపెట్టాలో మాత్రం సర్జన్‌ను అడగండి. నడుము చుట్టుకొలత మగవారికి 90 సెంటీమీటర్లు, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటకుండా చూసుకోవాలి.

తొందరపడి కడుపు మాడ్చుకోవద్దు. వారానికి అర కిలో తగ్గితే చాలు. బరువు వేగంగా తగ్గితే గాల్‌బ్లాడర్‌లో రాళ్లు పుట్టే అవకాశం ఎక్కువవుతుంది. ఈ మాట ముఖ్యంగా మీతోపాటు బరువు తగ్గాలనుకునే మీ అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, పిల్లల కోసం చెబుతున్నాం. రాళ్ల సమస్య ఒకే కుటుంబంలో పలువురికి వచ్చే అవకాశం ఉంది.

బరువు తగ్గిపోతుంటే

మొదటి రెండు మూడు వారాలు ఒకటి రెండు కిలోలు తగ్గితే కంగారు పడనక్కరలేదు. కాని ప్రయత్నమేమీ లేకుండా ఆరు నెలల్లో 60 కిలోల మనిషి మూడు కిలోలు లేదా అంతకన్నా ఎక్కువ తగ్గితే పరీక్ష చేయించాలి. పథ్యం మరీ ఎక్కువైందా, షుగర్ పెరిగిందా, థైరాయిడ్ తేడా ఉందా, మరేదైనా వ్యాధి ఉందా అని చూడాలి. మలం జిడ్డుగా, దుర్వాసనతో నీటిపై తేలుతుంటే కొవ్వు అరగడం లేదని అర్థం. ఆ సంగతి సిగ్గుపడకుండా చెప్పండి.

కళ్లు పచ్చబడితే పసరు మందు వద్దు

ఇది అన్నిటికంటే ముఖ్యమైన మాట. గాల్‌బ్లాడర్ తీసేసినా, ఒక్కొక్కసారి పైత్యరసం వచ్చే గొట్టంలో రాయి మిగిలిపోవచ్చు, లేదా కొన్నాళ్లకు అక్కడే కొత్తగా ఏర్పడవచ్చు. అది అడ్డుపడితే కళ్లు పచ్చబడతాయి. మూత్రం టీ డికాక్షన్ రంగులోకి మారుతుంది. మలం సుద్దలా పాలిపోతుంది. ఒళ్లంతా దురద పెడుతుంది.

మన పల్లెల్లో కామెర్లనగానే పసరు పోయిస్తారు, చేతికి వాత పెట్టిస్తారు. నీళ్ల వల్ల, తిండి వల్ల వచ్చే వైరస్ కామెర్లు చాలామందికి వాటంతటవే తగ్గుతాయి. పేరు మాత్రం పసరుకు వస్తుంది. గొట్టంలో అడ్డుపడిన రాయిని పసరు కరిగించలేదు. ఆ ఎదురుచూపుల్లో చీము పట్టి, విషం రక్తంలోకి పాకితే ప్రాణానికే ముప్పు. ఆసుపత్రికి వస్తే ఇ.ఆర్.సి.పి. అనే ఎండోస్కోపీ పద్ధతిలో, చాలామందికి మళ్లీ పొట్ట కోయకుండానే ఆ రాయిని తీయవచ్చు.

కింది వాటిలో ఏ ఒక్కటి కనిపించినా ఆ రోజే ఆసుపత్రికి రండి. పరిస్థితి తీవ్రంగా ఉంటే 108కి ఫోన్ చేయండి.

- కళ్లు, ఒళ్లు పచ్చబడటం
- చలితో కూడిన జ్వరం
- పొట్ట పైభాగంలో తగ్గని నొప్పి, అది వీపులోకి పాకడం
- ఆగని వాంతులు, పొట్ట బిగుసుకొని ఉబ్బడం
- మలంలో రక్తం లేదా తారులా నల్లని మలం
- కుట్ల దగ్గర ఎర్రదనం, చీము

మమ్మల్ని తరచుగా అడిగే ప్రశ్నలు

ఆవకాయ ఇక తినకూడదా?
మొదటి నెల వద్దు. తరువాత పైన తేలిన నూనె పక్కకు తీసి, ఒక చిన్న ముక్కతో మొదలుపెట్టండి. కడుపులో మంట, విరేచనాలు లేకపోతే అప్పుడప్పుడు కొద్దిగా తినవచ్చు.

పెసరట్టు తినవచ్చా?
తినవచ్చు. నూనె తక్కువ వేసి కాల్చండి. మొదట ఒక్కటి, ఉప్మా లేకుండా తిని చూడండి.

అరుగుదలకు జీవితాంతం మాత్రలు వాడాలా?
చాలామందికి అవసరం లేదు. మందుల షాపులో అడిగి తెచ్చుకొని ఏళ్లతరబడి వాడవద్దు.

పెళ్లిళ్లకు, క్రిస్మస్ విందులకు వెళ్లవచ్చా?
నిరభ్యంతరంగా వెళ్లండి. బిర్యానీ తింటే వేపుడు వదిలేయండి. స్వీటు ఒక్కటి చాలు. ఆ రోజు మిగిలిన పూటలు తేలికగా తినండి.

ఇంట్లో వంట చేసేవారికి ఒక మాట. రోగికి వేరే గిన్నె, వేరే కూర అని నెలలతరబడి కష్టపడకండి. మొదటి నెల దాటాక అందరి కూరలోనూ నూనె తగ్గించండి. అప్పుడు అందరూ కలిసి ఒకే కూర తినవచ్చు, ఇంటిల్లిపాదికీ మేలు జరుగుతుంది. వారానికొకసారి బరువు చూసి గోడ కాలెండర్ మీద రాయండి, ఆ వారం పడని పదార్థం పేరు పక్కనే రాయండి. మళ్లీ పరీక్షకు వచ్చేటప్పుడు ఆ కాగితాలు తీసుకురండి. వాటిని చూస్తే మీ ఆహారంలో ఏం మార్చాలో మేము సరిగా చెప్పగలం.