యూరప్‌కు మందుల ఎగుమతి: పేటెంటు తీరినా అడ్డు తొలగకపోవచ్చు

యూరప్‌లో ఒక మందు పేటెంటు ఏనాడు ముగుస్తుందో చూసుకుని, మరునాటి నుంచి సరకు దింపుతామని బేరం కుదుర్చుకునే వర్తకులు ఇంకొక తేదీని కూడా చూసుకోవలసి ఉంటుంది. పేటెంటు తీరాక మరి 5 సంవత్సరాల వరకు రక్షణ ఇచ్చే ఏర్పాటు అక్కడ ఉన్నది. దానిని అనుబంధ రక్షణ పత్రం అంటారు. వ్యాపార వర్గాలలో దీని వాడుక పేరు ఎస్.పి.సి. మన దేశంలో ఇటువంటి పొడిగింపు లేదు. కనుక ఇక్కడ నిరాటంకంగా తయారైన సరకు అక్కడి రేవులో ఆగిపోవచ్చు.

పేటెంటు గడువు దరఖాస్తు నాటి నుంచి 20 సంవత్సరాలు. పరీక్షలు ముగిసి అమ్మకానికి అనుమతి వచ్చేసరికి అందులో చాలా భాగం ఖర్చయిపోతుంది. ఆ లోటును కొంత పూడ్చేందుకు మనుషుల, పశువుల మందులకు 1993లోను, సస్యరక్షణ మందులకు 1997లోను ఈ పత్రాలు అమలులోకి వచ్చాయి.

లెక్క ఇది: పేటెంటు దరఖాస్తుకు, యూరప్‌లో తొలి విక్రయ అనుమతికి మధ్య గడిచిన కాలంలో 5 సంవత్సరాలు తీసివేయగా మిగిలినదే పొడిగింపు. అది 5 సంవత్సరాలకు మించదు. 2010 జనవరిలో దరఖాస్తు చేసిన మందుకు 2018 జనవరిలో అనుమతి వస్తే పొడిగింపు 3 సంవత్సరాలు. రక్షణ 2030కి బదులు 2033లో తీరుతుంది. అనుమతి 2022లో వస్తే లెక్కకు 7 వచ్చినా ఇచ్చేది 5 మాత్రమే. 2014లోనే వస్తే పొడిగింపు ఉండదు. ఆమోదిత ప్రణాళిక ప్రకారం పిల్లలపై పరీక్షలు పూర్తిచేసిన మందులకు మరి 6 నెలలు లభించవచ్చు. సస్యరక్షణ మందులకు ఈ అదనపు సౌకర్యం లేదు.

2019 జూలై నుంచి అమలైన సవరణ యూరప్‌లోని తయారీదారులకు కొంత వెసులుబాటు ఇచ్చింది. నిర్ణీత షరతులపై వారు ఇతర దేశాలకు ఎగుమతి కోసం మందులు తయారు చేయవచ్చు. పత్రం చివరి 6 నెలలలో నిల్వకు కూడా తయారు చేసుకుని, గడువు తీరిన మరునాడే అమ్మకానికి పెట్టవచ్చు. బయట తయారైన మందులను ముందుగా తెచ్చి నిల్వ చేయడానికి మాత్రం ఇది వర్తించదు. హైదరాబాదు నుంచి తయారు మందులు పంపేవారికి తొలి రోజు పోటీ ఇక్కడే ఎదురవుతుంది.

ఈ పత్రాలను ఏ దేశానికాదేశపు పేటెంటు కార్యాలయం మంజూరు చేస్తుంది. ఒక దేశంలో అడ్డు లేని సరకుకు పక్క దేశంలో అడ్డు ఉండవచ్చు. కనుక కంట్రాక్టుకు ముందే, సరకు చేరవలసిన ప్రతి దేశపు రిజిస్టరును విడివిడిగా చూడడం అవసరం. పత్రానికి దరఖాస్తును విక్రయ అనుమతి వచ్చిన 6 నెలలలో, పేటెంటు ఆ తరువాత మంజూరైతే ఆనాటి నుంచి 6 నెలలలో చేసుకోవాలి. అందుచేత అడ్డు ఉన్నదీ లేనిదీ సాధారణంగా చాలా ఏళ్ళ ముందే తెలిసిపోతుంది.