దాహం లేదన్న మాట నమ్మొద్దు

సముద్రం పక్కన చల్లగా ఉంటుందని మే నెలలో పెద్దవాళ్లను కారెక్కించి మైపాడు బయల్దేరేవాళ్లు ముందు గాలి సంగతి తెలుసుకోవాలి. నెల్లూరు తీరంలో ఎండాకాలమంతా పడమటి గాలికీ తూర్పు గాలికీ పోటీ. పొద్దున నేల మీది వడగాలి, మధ్యాహ్నానికి సముద్రపు గాలి. తూర్పు గాలి వేళకు తిరిగిందా, బతికిపోయినట్టే. పడమటి గాలి గట్టిగా పట్టిన రోజున మాత్రం తూర్పు గాలి సాయంత్రం దాకా ఒడ్డెక్కదు. ఆ పూట మైపాడు ఇసుకా నెల్లూరు ట్రంకు రోడ్డూ ఒకటే. తీరా తిరిగాక ఆ గాలిలో తేమ. చెమట కారుతుందే గానీ ఆరదు. ఆరితేనే కదా ఒళ్లు చల్లబడేది! అందుకే మైదానాల్లో 40 డిగ్రీలు తాకితే గానీ వడగాడ్పు మాట ఎత్తని వాతావరణ శాఖ, తీరంలో 37 డిగ్రీలకే ఆ లెక్క మొదలుపెడుతుంది. మామూలు కంటే నాలుగున్నర డిగ్రీలు పెరిగిందా లేదా అన్నది రెండు చోట్లా చూస్తారు.

అలాగని పెద్దవాళ్లను ఇంట్లో కూర్చోబెట్టమని కాదు. ఈ ప్రాంతంలో వేడుకలు చాలావరకు ఎండల్లోనే. పెన్న ఒడ్డున జొన్నవాడ కామాక్షమ్మ బ్రహ్మోత్సవాలు వైశాఖంలో, పెంచలకోన నరసింహస్వామి ఉత్సవాలూ అప్పుడే. పిల్లలకు సెలవులు, పెళ్లిళ్లు సరేసరి. మనవళ్లు వచ్చినప్పుడు కాకపోతే జేజి ఇంకెప్పుడు కదులుతుంది?

కదిలాకే వస్తుంది చిక్కు. దారిలో నీళ్ల సీసా అందిస్తే, ‘నాకేమొద్దులే నాయనా, దప్పిగ్గా లేదు’ అంటుంది. అందులో సగం నిజం. వయసు పెరిగేకొద్దీ ఒంట్లో నీరు తగ్గినా దాహం అంతగా వేయదు, చెమట కూడా సరిగా పట్టదు. రక్తపోటుకు వాడే కొన్ని మాత్రలు ఉన్న నీటినీ బయటికి పంపేస్తాయి. మిగతా సగం నోరు విప్పి చెప్పుకోలేనిది. నీళ్లు తాగితే మరుగుదొడ్డి కావాలి. అది ఎక్కడుందో, ఎలా ఉందో, మోకాళ్ల నొప్పులతో అక్కడ కూర్చోగలమో లేదో. ఈ భయంతో ఇల్లు వదలడానికి గంట ముందు నుంచే నీళ్లు మానేసే ఆడవాళ్లు ప్రతి ఇంట్లోనూ ఉన్నారు. నా దృష్టిలో వేసవి ప్రయాణాల్లో పెద్దవాళ్లకు ఎండ తర్వాత అంత పెద్ద శత్రువు ఇదే. గొడుగులూ టోపీలూ కొనిపెట్టే కొడుకులకు ఈ సంగతి తట్టదు.

వేడిని తేలిగ్గా తీసుకోలేం. 2003 మే, జూన్ నెలల్లో ఆంధ్రప్రదేశ్‌లో వడగాడ్పులకు వెయ్యి మందికి పైగా పోయారు. ఆ ఏడాదే ఆగస్టులో ఫ్రాన్సులో దాదాపు 15,000 మంది. వాళ్లలో ఎక్కువమంది 75 ఏళ్లు దాటినవాళ్లు, చాలామంది ఒంటరివాళ్లు. 2015లో మన రాష్ట్రంలో వడగాడ్పు మృతుల సంఖ్య మళ్లీ వెయ్యి దాటింది.

తీరానికి పోతే కొబ్బరిబొండం కొట్టించడం మన ఆనవాయితీ. మంచిదే. కానీ మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్లకు అందులోని పొటాషియం చేటు చేస్తుంది. వాళ్లూ, గుండె బలహీనపడినవాళ్లూ రోజుకు ఎన్ని నీళ్లు తాగాలో, ఎండాకాలంలో మాత్రల మోతాదు మార్చాలో లేదో డాక్టరునే అడగాలి. మాత్రలు సొంతంగా ఆపకూడదు. మిగతావాళ్లకు పొదలకూరు నిమ్మకాయ పిండి ఉప్పూ చక్కెరా వేసిన నీళ్లు, పల్చటి మజ్జిగ, ఓఆర్‌ఎస్ ఏదైనా సరే. చక్కెర జబ్బు ఉంటే ఆ చక్కెర మానేయండి. అడిగితే వద్దంటారు కాబట్టి అడగకుండా గ్లాసు చేతిలో పెట్టాలి.

చక్కెర జబ్బువాళ్ల పాదాలనూ చూసుకోండి. స్పర్శ తగ్గిన కాలికి గుడి బండల వేడి తెలియదు. ప్రదక్షిణం చేసి ఇంటికొచ్చాక అరికాలి బొబ్బ కనబడుతుంది. చలువ పందిరి, తడిపిన పట్టా ఉన్న దారినే నడిపించండి, లేదా పొద్దు వాలాక దర్శనానికి వెళ్లండి. సముద్రపు ఒడ్డున ఇసుకలో చెప్పులు విడవనివ్వొద్దు. అక్కడ కూర్చోబెట్టే ప్లాస్టిక్ కుర్చీ కాళ్ల కింద చెక్క పలక వేయకపోతే కుర్చీ ఒక పక్కకు దిగబడుతుంది. అల వెనక్కి పోతూ కాళ్ల కింది ఇసుకను లాగేసుకుంటుంది కనుక కుర్చీని తడి అంచు దాకా తీసుకుపోవద్దు.

ఇంట్లోనే ఉన్నా, వేడి 40 డిగ్రీలు దాటాక ఫ్యాను చల్లబరచదు, వేడిగాలినే ఒంటికి కొడుతుంది. అప్పుడు తడిగుడ్డే దిక్కు.

ఎండలో తిరిగొచ్చిన పెద్దాయన పొంతన లేకుండా మాట్లాడితే, తెలిసిన మనిషిని పోల్చుకోలేకపోతే దాన్ని వయసు మీదికి తోసేయకండి. ఒళ్లు కాలిపోతుంటే అది వడదెబ్బే. నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, మెడ, చంకలు, గజ్జల దగ్గర చల్లటి తడిగుడ్డలు వేసి విసరండి. తెలివి సరిగా లేకపోతే నోట్లో నీళ్లు పోయొద్దు. 108కి ఫోన్ చేసి, బండి వచ్చేదాకా చల్లబరుస్తూనే ఉండాలి.

ఈ ఆదివారం మైపాడు వెళ్తుంటే సాయంత్రం నాలుగున్నర దాటాక బయల్దేరండి. దారిలో శుభ్రమైన మరుగుదొడ్డి ఎక్కడుందో ముందే కనుక్కుని, కారెక్కక ముందే ఆ మాట జేజి చెవిన వేయండి.